బావకో పిస్తోలు కావాలి!

ఆరు గుళ్ళు పట్టే రివాల్వరుతో హీరో పదహారు మందిని పడగొడుతుంటే మనలో ఎవరైనా ఏనాడైనా లెక్కపెట్టామా? లేదు! లెక్కపెట్టేవాడెవడైనా హాల్లో వుంటే పక్కవాళ్ళు చెయ్యిపట్టి బయటికి పంపించేస్తారు. 2023 మే 31న, కృష్ణగారి పుట్టినరోజుకి 'మోసగాళ్ళకు మోసగాడు' మళ్ళీ విడుదల చేస్తే నేనూ వెళ్ళాను. 1971లో వచ్చిన సినిమా అది. అప్పటికి నేను పుట్టలేదు సరికదా, మా అమ్మానాయనల పెళ్ళి కూడా కాలేదు. అయినా తెరమీద కృష్ణ చెయ్యి నడుము దగ్గరికి పోయేసరికి నా పక్క సీటులోని అరవయ్యేళ్ళ పెద్దమనిషి ఈలవేసి లేచి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఆ నడుము మీది వస్తువు బరువెంత, ధరెంత, రాత్రిపూట దాన్ని ఎక్కడ పెడతారు... ఇలాంటి ప్రశ్నలు ఏ కౌబాయ్ సినిమాలోనూ రావు. మా బావ పుణ్యమా అని నాకు వచ్చాయి!

మా వూరు కేతేపల్లి. హైదరాబాదులో విజయవాడ బస్సెక్కితే నకిరేకల్ దాటాక, సూర్యాపేట రాకముందు తగులుతుంది. కొర్లపహాడ్ టోల్‌గేట్ దగ్గర కారాపి టీ తాగిన సినిమావాళ్ళంతా మా మండలం నేల తొక్కినవాళ్ళే. మూసీ ప్రాజెక్టు నీళ్ళ కింద వరి పండే నేల. మా అక్కని వూళ్ళోనే ఇచ్చాం. బావది వడ్ల వ్యాపారం. రైతుల దగ్గర కల్లాల మీదే కొంటాడు, మిల్లుకి వేస్తాడు, మిల్లు డబ్బు తెచ్చి రైతులకి పంచుతాడు. మధ్యలో మిగిలేది ఆయనది. పెద్ద మిగులేమీ కాదు, ఇద్దరు పిల్లల చదువుకీ ఇంటికీ సరిపోతుంది.

మొన్నటి వానాకాలం వడ్లప్పుడు ఒక రాత్రి సూర్యాపేటలో డబ్బు తీసుకుని బైకు మీద వస్తున్నాడు. మూసీ వంతెన దాటాడో లేదో, వెనకనుంచి మరో బైకు! ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడి చేతిలో కత్తి. లక్షా ఎనభైవేల రూపాయల సంచి పోయింది. బావ ముంజేతికి పదకొండు కుట్లు పడ్డాయి. (అన్నట్టు, 1948 సెప్టెంబరులో భారత సైన్యం సూర్యాపేట పట్టుకుని హైదరాబాదు వైపు బయల్దేరినప్పుడు నిజాం సైనికులు పారిపోతూ పేల్చేసింది కూడా మూసీ మీది వంతెననే. మా తాత ఆ కథ చెప్పినప్పుడల్లా వంతెన ఇంకాస్త పెద్దదయ్యేది!) పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. నాలుగు రోజులకి ఖాళీ సంచి కాల్వలో దొరికింది.

కుట్లు విప్పిన రోజే నాకు ఫోను.

"బామ్మర్దీ, చిన్న పిస్తోలొకటి కొంటా. నడుముకి పెట్టుకుంటె ఎవనికీ కనవడొద్దు. రోజూ ఎంబడి వుండాలె. మస్తు పైసలు పెట్టలేను. ఏది మంచిగుంటదో నువ్వే జెప్పాలె."

"నాకేం తెలుసు బావా?"

"సిన్మాలోళ్ళ మీద రాస్తవ్ గదా! ఆళ్ళకాడ ఎన్ని తుపాకులుంటయ్!"

నవ్వొచ్చింది. కాని ఆయన గొంతులో నవ్వు లేదు. అదే రోడ్డు, అదే వంతెన, అదే సంచి. రేపు మళ్ళీ ఆ దారినే రావాలి. అక్క రాత్రి ఎనిమిదయ్యేసరికి గుమ్మంలో నిలబడటం మొదలుపెట్టింది. సరే, కనుక్కుంటానన్నాను. పత్రికల్లో పదేళ్ళుగా రాస్తున్నవాడికి కనుక్కోవడం తప్ప వేరే విద్య ఏముంటుంది!

మొట్టమొదట తెలిసిందేమంటే, అమెరికా సినిమాల్లోలాగా దుకాణంలోకి వెళ్ళి, అద్దాల పెట్టెలో వున్నవాటిలో నచ్చినదాన్ని చూపించి, డబ్బు కట్టి తెచ్చుకునే పని కాదిది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ. 21 ఏళ్ళు నిండాలి. మా నల్లగొండ జిల్లాలో అయితే కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టుకోవాలి, కమిషనరేటు వున్నచోట పోలీసు కమిషనరుకి. ఎందుకు కావాలో చెప్పాలి. పోలీసులు విచారిస్తారు. 2016లో వచ్చిన కొత్త రూల్సు ప్రకారం ఒంటికీ మనసుకీ ఆరోగ్యం బాగున్నట్టు డాక్టరు సర్టిఫికెట్టు, ఆయుధం పట్టడం, దాచడం నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్టు కూడా కావాలి. ఇన్ని పెట్టినా ఇస్తారన్న భరోసా లేదు. డబ్బు మోసే వ్యాపారం, ఒకసారి దాడి జరిగింది కనుక బావకి కారణమైతే వుంది.

ఇక ఏ పిస్తోలు? ఇక్కడ మన సినిమా పిచ్చివాళ్ళకి పనికొచ్చే సంగతొకటి తగిలింది. పోలీసుల నడుము మీద కనిపించే 9 ఎం.ఎం. పిస్తోలు మామూలు పౌరుడికి నిషిద్ధం. .38 రివాల్వరూ అంతే. మనలాంటివాళ్ళకి మిగిలింది .32 బోరు, .22 బోరు. బోరంటే గొట్టం లోపలి కొలత. ".32 అంటే మరీ చిన్నపిల్లల ఆటవస్తువా?" అని బావ మొహం చిట్లించాడు. అప్పుడు చెప్పాను, జేమ్స్‌బాండ్ వాడేది అదేనని! 1962లో వచ్చిన 'డాక్టర్ నో' సినిమాలో బాండ్ దగ్గర పాత బెరెట్టా లాక్కుని, కొత్తగా వాల్తర్ పి.పి.కె. చేతికిస్తారు. అది 7.65 ఎం.ఎం. అంటే మన లెక్కలో .32.

ఆ మార్పు వెనక ఒక పాఠకుడి వుత్తరం వుంది. గ్లాస్గోలో జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు, 1956లో బాండ్ నవలల రచయిత ఇయాన్ ఫ్లెమింగ్‌కి వుత్తరం రాశాడు. మీ హీరో చేతిలోది ఆడవాళ్ళ పిస్తోలు, గూఢచారికి పనికిరాదు పొమ్మన్నాడు. ఫ్లెమింగ్ కోపం తెచ్చుకోలేదు. సలహా అడిగి, పిస్తోలు మార్చి, బాండ్‌కి ఆయుధాలిచ్చే పాత్రకి బూత్‌రాయిడ్ పేరే పెట్టేశాడు. (పత్రికలకి వుత్తరాలు రాసే మిత్రులారా, చూశారా మీ పవరు!) ఇంకో తమాషా. 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' పోస్టర్లకి ఫొటోలు తీసేరోజు అసలు పిస్తోలు తేవడం మరిచిపోయారట. ఫొటోగ్రాఫరు తన సొంత పిస్తోలు షాన్ కానరీ చేతిలో పెట్టాడు. పొడుగు గొట్టంతో ఎంతో దర్జాగా వుంటుంది. అది గాలి పిస్తోలు! లోకమంతా దాన్ని చూసే మోజుపడింది.

"గట్లయితే గా బాండ్‌దే కొనిపియ్యి" అన్నాడు బావ. అదీ కుదరదు. విదేశీ తుపాకులు తెప్పించి అమ్ముకోవడం 1980లలోనే ఆగిపోయింది. అంతకుముందు వచ్చిన పాతవి చేతులు మారుతూ లక్షలకు లక్షలు పలుకుతున్నాయి. కనుక బావలాంటివాడి జేబుకి అందేవి ఎక్కువగా మన సర్కారు ఆర్డినెన్సు ఫ్యాక్టరీలవే. .32లో 'అశని' అనే పిస్తోలుంది. అదే బోరులో మామూలు రివాల్వరుంది. 2014 జనవరిలో ఆడవాళ్ళ కోసమని కాన్పూరు నుంచి 'నిర్భీక్' రివాల్వరు విడుదల చేశారు. 2012 ఢిల్లీ ఘోరం తర్వాత పెట్టిన పేరది. బరువు అరకిలో. ధర ఎంతో తెలుసా? 1,22,360 రూపాయలు! 'రౌడీరాణి'లో విజయలలిత తుపాకీ పట్టి పగ తీర్చుకుంటే ఈలలు కొట్టాం గాని, ఈ ధర పెట్టి కొనగలిగిన ఆడపిల్ల రాత్రి బస్టాపులో ఒంటరిగా నిలబడుతుందా? కారులో పోతుంది! తర్వాత 'నిడర్' అని .22 బోరులో పావుకిలో రివాల్వరు వచ్చింది, 35 వేల దరిదాపుల్లో అన్నారు. 2023 ఆగస్టులో 'ప్రబల్' వచ్చింది. తూటాల చక్రం పక్కకి తెరుచుకుంటుంది. 50 మీటర్ల దాకా కొడుతుందట. తూటాలు లేకుండానే 675 గ్రాములు.

మొత్తం మీద .32 అంటే లక్ష అటూ ఇటూగా వ్యవహారం. పైన పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి పిస్తోళ్ళూ రివాల్వర్లూ 40 శాతం జీఎస్టీలోకి వెళ్ళాయి. ఇంటర్వెల్‌లో తాగే కూల్‌డ్రింకుదీ ఇప్పుడదే తరగతి. బావ వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. "పోయిన పైసల కన్నా తక్కువనే గదా బామ్మర్దీ" అన్నాడు. లెక్క తప్పు కాదు. ఆ లెక్క దగ్గర ఆగిపోయి వుంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

ఇంతలో టీ హోటలు దగ్గర ఒక 'శ్రేయోభిలాషి' తయారయ్యాడు. లైసెన్సు గొడవలెందుకు, పాతికవేలకి తపంచ తెప్పిస్తానన్నాడు. బీహారులోని ముంగేర్ పేరు కూడా చెప్పాడు. చవకే! బావకి నేను సంజయ్‌దత్ సంగతి గుర్తుచేశాను. ఆయన ఎంత పెద్ద స్టారు! సునీల్‌దత్, నర్గిస్‌ల కొడుకు! 1993 బొంబాయి పేలుళ్ళప్పుడు లైసెన్సు లేని ఆయుధాలు ఇంట్లో వుంచుకున్నందుకు ఇరవయ్యేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి, 2013లో సుప్రీంకోర్టు ఐదేళ్ళు ఖాయం చేస్తే, మిగిలిన శిక్ష పూర్తిచేసుకుని 2016 ఫిబ్రవరిలో బయటికి వచ్చాడు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని మామూలు తుపాకీకే తక్కువలో తక్కువ రెండేళ్ళు. పైగా చేతిలోనే పేలిపోయే సరుకది. బావ ఆ టీ హోటలు వైపు పోవడం మానేశాడు. ఆయన దొంగసరుకు మనిషి కాడు, భయపడ్డ మనిషి. ఆ రెండూ ఒకటి కావు.

సరే, ఒకసారి చేత్తో పట్టి చూస్తే తెలుస్తుంది కదా అని హైదరాబాదు రమ్మన్నాను. కృష్ణానగర్‌లో సినిమాలకి సామాను అద్దెకిచ్చే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. గదినిండా తుపాకులే! గోడకి స్టెన్‌గన్నులు, గంపలో రివాల్వర్లు, బియ్యం బస్తాలాగా మూట కట్టిన ఏ.కె. 47లు. బావ చిన్నపిల్లాడైపోయాడు. ఒక నల్ల పిస్తోలు తీసుకుని అద్దంలో చూసుకున్నాడు. 'కొదమసింహం'లో చిరంజీవిలా నిలబడటానికి చూశాడుగాని కుట్లుపడ్డ చెయ్యి పూర్తిగా లేవలేదు. "ఇంత అల్కగుందేంది?" అన్నాడు. అది ఫైబరు. ఫైటర్లు దెబ్బ తగలకుండా పడాలి కనుక చాలావరకు అలాంటివే వాడతారట. నిప్పూ పొగా ఈ రోజుల్లో కంప్యూటర్లో కలుపుతున్నారు.

ఆ సామాను పెద్దమనిషి నలభయ్యేళ్ళుగా బొమ్మ తుపాకులతోనే బతుకుతున్నాడు. కాని ఏ ఒక్కదాని గొట్టమూ మా వైపు తిప్పి ఇవ్వలేదు. బొమ్మే కదా అంటే వొప్పుకోలేదు. "బొమ్మే అనుకున్న సెట్లోనే కదా బ్రాండన్ లీ పోయింది" అన్నాడు. 1993లో 'ది క్రో' షూటింగులో బ్రూస్‌లీ కొడుకు అలాగే చనిపోయాడు. 2021 అక్టోబరులో 'రస్ట్' షూటింగులో ఆలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వరు పేలి కెమెరా పనిచేస్తున్న హెలీనా హచిన్స్ ప్రాణం పోయింది. అందులో అసలు తూటా లేదని అందరూ అనుకున్నారు. సినిమాలో తుపాకీ అంటే ఏమీ కాదని మనం అనుకుంటాం గాని, సినిమావాళ్ళే దానికి ఎక్కువ భయపడుతున్నారు!

అసలు మనిషి నకిరేకల్‌లో దొరికాడు. సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరైన హవల్దారు. పేరు వెయ్యొద్దన్నాడు. నేను రాసుకొచ్చిన ధరలూ బరువులూ అన్నీ విన్నాడు. విని బావనడిగిన మొదటి మాట: "ఆ రాత్రి వాళ్ళు వచ్చినప్పుడు నీ రెండు చేతులు యాడున్నయ్?"

"హ్యాండిల్ మీద."

"మరి పిస్తోలు యే చేత్తో తీస్తవ్?"

బావ మాట్లాడలేదు. హవల్దారు ఎగతాళి చెయ్యలేదు. 2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో అర్ధరాత్రి బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపిన సంగతి గుర్తుచేశాడు. ఇద్దరు పోలీసు సిబ్బంది ప్రాణాలు పోయాయి. "వాళ్ళు డ్యూటీల వున్నోళ్ళు. ముందు తుపాకి తీసినోనిదే పైచెయ్యి. దొంగ ముందు తీస్తడు, ఎందుకంటె వానికి తెలుసు ఏం జరగబోతుందో. నీకు తెల్వదు." సినిమాలో హీరోకి ముందే తెలుస్తుంది, సంగీతం మారుతుంది కనుక. రోడ్డు మీద సంగీతం వుండదు!

పిస్తోలుకీ రివాల్వరుకీ తేడా ఆయన దగ్గరే సరిగ్గా అర్థమైంది. పిస్తోలు పలచగా వుంటుంది, చొక్కా కింద కనపడదు. తూటాలు పిడిలోని మ్యాగజైనులో వుంటాయి. బాధంతా ఇక్కడే వస్తుంది. మ్యాగజైను బయటికి లాగేసి, ఖాళీ అయిందనుకుంటారు. లోపల గదిలో ఒక తూటా మిగిలే వుంటుంది. ఖాళీ అనుకున్న పిస్తోలు తుడుస్తూ కాల్చుకున్నవాళ్ళని ఆయన కళ్ళారా చూశాడట. రివాల్వరు లావుగా వుంటుంది, నడుము దగ్గర వుబ్బుగా కనిపిస్తుంది. కాని చక్రం తెరిస్తే ఎన్ని వున్నాయో పల్లెటూరివాడికి కూడా కంటికి కనపడుతుంది. ఇంకోటి, రెండూ .32 అయినా రివాల్వరు తూటా వేరు, పిస్తోలు తూటా వేరు. ఒకటి కొని ఇంకొకదానిలో వెయ్యడానికి లేదు. తూటాలు కూడా లైసెన్సులో రాసినన్నే ఇస్తారు. వాటితో నెలనెలా కాల్చి నేర్చుకోకపోతే పేలుడుకి మొదట అదిరేది కాల్చినవాడే.

అప్పుడాయన ఒక పని చెప్పాడు. ఆ పని చెప్పినందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. "మీ దుకాణంల కాంటా వున్నది గదా. అరకిలో రాయి, రెండొందల గ్రాముల రాయి తీస్కో. గుడ్డసంచిల కుట్టి నడుముకు పెట్టుకో. వారం రోజులు తిరుగు. అది తుపాకే అనుకో. తీసి పెట్టినప్పుడల్లా యాడ పెట్టినవో చిట్టీల రాసుకో. అక్కడ తాళం వున్నదా లేదా, గదీ రాయి. వారం తర్వాత నా కాడికి రా, ఏది కొనాల్నో చెప్త."

మా బావ వడ్ల లెక్కలు రాసే మనిషి. చిట్టీ చక్కగా రాశాడు. నేను చూశాను. మొదటిరోజు పొద్దున్నే స్నానం, గూట్లో పెట్టాడు. ఆంజనేయస్వామి గుడి, బైకు డిక్కీలో. బ్యాంకు, మళ్ళీ డిక్కీ. కల్లం దగ్గర బస్తాలు మోసేటప్పుడు అడ్డమొస్తోందని గడ్డివామి పక్కన. రెండోరోజు పెళ్ళి. అక్కడ నలుగురు దోస్తులు కలిశారు, సీసా మూత తీశారు. చిట్టీలో "సంచి కుర్చీ మీద వుండె" అని మాత్రం వుంది. (పెళ్ళిలో సంబరానికి గాల్లోకి కాల్చినా 2019 నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మన సినిమాల్లో జమీందార్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి!) రాత్రి పడుకునేటప్పుడు తలగడ కింద పెట్టి, మెడ నొప్పి అని కాళ్ళదగ్గరికి మార్చాడు. నడుము మీద రాసుకుని ఎర్రగా కందింది. నాలుగు రోజుల్లో పంతొమ్మిదిసార్లు తీశాడు. అందులో తాళం వున్నవి ఐదు, అన్నీ డిక్కీవే. ఆ డిక్కీ పది పైసల బిళ్ళతో కూడా తెరుచుకుంటుంది.

ఐదోరోజు సాయంత్రం నేను వూళ్ళోనే వున్నాను. బావ కల్లం నుంచి వచ్చి, ప్యాంటు చొక్కా కొయ్యకి తగిలించి స్నానానికి వెళ్ళాడు. అక్క పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది. నేను వాకిట్లో కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. లోపలనుంచి "ఢిష్యూం!" అని వినిపించింది. నా మేనల్లుడికి ఏడేళ్ళు. మంచం మీద నిలబడి, గుడ్డసంచిని రెండు చేతులతో పట్టుకుని, వాళ్ళక్క వైపు గురిపెట్టాడు. దానికి పదేళ్ళు. అది ఎంత బాగా నటించిందనుకున్నారు! గుండె పట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి, గోడకి జారి, కళ్ళు తేలేసి, నాలుక బయటపెట్టి పడిపోయింది. అక్క రొట్టె చేతిలో పట్టుకునే వచ్చి చూసి నవ్వింది. నేనూ నవ్వాను. బావ తువ్వాలు చుట్టుకుని తడి ఒంటితో గుమ్మంలోకి వచ్చాడు. పిల్లలిద్దరూ ఇంకా నవ్వుతూనే వున్నారు. ఆయన ఆ సంచి వైపు చూశాడు, కిందపడి వున్న పిల్ల వైపు చూశాడు. పిల్లని రెక్క పట్టుకుని లేపి నిలబెట్టి, "ఇట్ల పండుకోవద్దు బిడ్డా" అన్నాడు. అంతే. ఆ రాత్రి రొట్టె తినలేదు.

చిట్టీలో ఆ రోజు ఏమీ రాయలేదు.

అక్కకి అంతకుముందే ఒక ప్రశ్న వుంది. పిస్తోలు మాట ఇంట్లోకి వచ్చిన మొదటిరోజే అడిగింది: "రాత్రి అది యాడ పండుకుంటది?" మేమిద్దరం మగవాళ్ళం, బోర్లూ ధరలూ మాట్లాడుకుంటున్నాం కనుక ఆ ప్రశ్నకి జవాబు చెప్పే తీరిక లేకపోయింది. ఇప్పుడు బావే హవల్దారు దగ్గర అదే ప్రశ్న వేశాడు.

"ఇనుప పెట్టెల. గోడకు బోల్టులు కొట్టాలె. తాళంచెవి నీ మొలతాడుకుండాలె" అన్నాడాయన.

"తాళమేస్తె గండం వచ్చినప్పుడు నాకు అందది. వెయ్యకపోతె పోరనికి అందుతది. మరెట్ల సార్?"

"గదే. అందరు ధర అడుగుతరు. ఇది అడిగినోడివి నువ్వే."

మీలో చాలామంది చదివే వుంటారు, 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున హిందీ హీరో గోవిందా సంగతి. ఎక్కడికో ప్రయాణం. లైసెన్సు వున్న సొంత రివాల్వరు అల్మారాలో పెడుతుంటే చెయ్యి జారి కింద పడింది, పేలింది, కాలిలోకి దిగింది. ఎదురుగా శత్రువు లేడు, డైరెక్టరు లేడు. ప్రాణానికి ప్రమాదం తప్పింది, మోకాలి కిందే తగిలింది కనుక. ఆ వార్త చూపిస్తే హవల్దారు ఆశ్చర్యపోలేదు. పాత రివాల్వర్లు కింద పడితే పేలే ప్రమాదం వుంటుందనీ, కొనేటప్పుడు లోపల అడ్డుపలక వుందా అని అడగాలనీ చెప్పాడు. దుకాణంలో ఎంతమంది అడుగుతారు? రంగు ఎలా వుందని అడుగుతారు!

మా తాత వుండివుంటే ఇంకో మాట చెప్పేవాడు. మా వైపు తుపాకీ కొత్తేమీ కాదు. 'మా భూమి' సినిమా చూసినవాళ్ళకి తెలుసు, ఈ జిల్లా రైతులు వడిసెలలతో, బర్మార్లతో దొరల మీద, రజాకార్ల మీద నిలబడ్డవాళ్ళు. తర్వాత నక్సలైట్ల కాలంలో లైసెన్సు తుపాకీ వున్న ఇంటికే దళం ముందు వచ్చేది, ఆ తుపాకీ కోసమే! ఎవరి దగ్గర ఆయుధం వుందో వూరికి తెలిసిపోతుంది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సుదార్లు తమ ఆయుధాలు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. వూరంతా చూస్తుంది. పైగా సర్పంచి ఎన్నిక, మండలం ఎన్నిక, అసెంబ్లీ, పార్లమెంటు... మనకి ఎన్నికలకి కొదవా! అందులో ఏదైనా వడ్ల సీజనులో వస్తే, డబ్బు మోసే రోజుల్లోనే పిస్తోలు స్టేషన్లో వుంటుంది.

ఇంతకీ ఏది కొనాలి అని మీరడగొచ్చు. చెప్పకపోతే బాగుండదు. తీసుకోక తప్పదనే మనిషికి, లైసెన్సు వచ్చిన మనిషికి నా లెక్క ఇది: .32 రివాల్వరు. పలచగా లేకపోయినా ఫరవాలేదు, ఎన్ని తూటాలున్నాయో కంటికి కనపడాలి. మరీ తేలికది వద్దు, తేలికైనకొద్దీ పేల్చినప్పుడు చేతిలో ఎగురుతుంది. దాని ధరతోపాటు ఇనుప పెట్టె, మంచి తోలు హోల్‌స్టరు, శిక్షణ ఖర్చు కలిపి చూసుకోవాలి. అప్పుడు లక్ష అనుకున్నది లక్షా అరవై అవుతుంది. పాతవి చవగ్గా వస్తున్నాయంటే, తుపాకుల పని తెలిసినవాడి చేత విప్పించి చూడనిదే ముట్టుకోకూడదు. ఇవన్నీ బావకి చెప్పాను. విన్నాడు. "పొద్దుగాల నుంచి రాత్రి దాకా అది యాడుంటదో ముందు తేలాలె బామ్మర్దీ, ఏదన్నది తర్వాత" అన్నాడు.

ఇప్పటి సంగతి ఇది. మిల్లు డబ్బు చాలావరకు బ్యాంకు ఖాతాలోకే వస్తోంది. రైతుల్లో కుర్రాళ్ళంతా ఫోనులో వేయించుకుంటున్నారు. కాని నోటు చేతిలో పడితే తప్ప నమ్మని ముసలివాళ్ళు పదిమంది వున్నారు. వాళ్ళ వడ్లు కావాలంటే సంచి మొయ్యక తప్పదు. పగటిపూట, ట్రాలీ ఆటోలో, మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. మూసీ వంతెన మీద ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాడట. ఏ-1 ఫారం నింపాడు, ఫొటో అతికించాడు, సంతకం పెట్టాడు. ఇంకా ఇవ్వలేదు. చింపెయ్యనూ లేదు. యాసంగి వడ్లు వచ్చేదాకా చూద్దామంటున్నాడు.

ఇనుప పెట్టె మాత్రం అక్క కొనిపించింది. గోడకి నాలుగు బోల్టులు కొట్టించింది. ప్రస్తుతానికి అందులో పొలం పట్టా పాసుబుక్కులు, అక్క గొలుసు, రెండు తూనికరాళ్ళు వున్నాయి.